బెండు మీద తూకం

మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు యాసంగి వరికి పారుతుండగానే, మాఘం దాటేసరికి బాన్సువాడ చుట్టుపక్కల చెరువుల్లో మట్టం దిగడం మొదలవుతుంది. తూము దగ్గర లోతు మిగిలి ఉంటుంది. శిఖం వైపు నీళ్లు మోకాళ్ల దాకా వస్తాయి. రాత్రి చలి ఇంకా పోని ఆ రోజుల్లో, పొద్దెక్కాక ముందుగా వేడెక్కేది ఆ పలచని నీళ్లే. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది కనుక, చలికి మందగించిన ఆకలి కూడా అక్కడే ముందు లేస్తుంది. రవ్వ చేపలు గుడ్లు పెట్టేది వానాకాలపు వరద నీటిలో. ఇప్పుడు వాటిని ఒడ్డు దాకా రప్పించేది వెచ్చదనం, తిండి.

మత్స్యకారుల సంఘం వాళ్ల అనుమతి తీసుకుని గట్టున కూర్చునే మనిషి చేతిలో ఉండేవి కొద్ది వస్తువులే: వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, సీసం, ముల్లు, ఎర్రలు. ముల్లు మొనకు కాస్త వెనకగా, ఉక్కులోనే చీల్చి లేపిన చిన్న ఎదురుముల్లు ఉంటుంది. లోపలికి దిగేటప్పుడు అది అడ్డుపడదు, వెనక్కి లాగితే పట్టుకుంటుంది. పైన కన్నం లేని ముళ్లకు కాడ కొస చదునుగా ఉంటుంది. దారాన్ని కాడ చుట్టూ ఐదారు చుట్లు బిగించి కడితే ఆ చదును దాన్ని జారనివ్వదు. లాగిన బలం కాడ వెంబడి తిన్నగా మొనకు చేరుతుంది.

అసలు నేర్పంతా బెండుకూ సీసానికీ మధ్య కుదిర్చే తూకంలో ఉంది. జొన్న బెండు తేలికే కానీ నీళ్లు పీల్చుకుంటుంది, గంటలో తూకం మారిపోతుంది. నెమలి ఈక కాడకు పైన గట్టి పొర ఉంటుంది కనుక నాననివ్వదు. నా దృష్టిలో ఇంతకంటే మంచి బెండు లేదు. పూర్తిగా మునిగితే 2 గ్రాముల నీటిని పక్కకు నెట్టే బెండు అర గ్రాము తూగుతుందనుకుందాం. అంటే అది మోయగలిగింది ఇంకో ఒకటిన్నర గ్రాము. ముల్లు, ఎర బరువును పక్కన పెట్టి, సరిగ్గా ఒకటిన్నర గ్రాముల సీసం కడదాం. సీసం నీటికంటే పదకొండు రెట్లు పైచిలుకు బరువైనది కాబట్టి మునిగినప్పుడు దాని తూకంలో దాదాపు పదకొండో వంతు తగ్గి, 1.37 గ్రాములే మిగులుతుంది. తేడా 0.13 గ్రాములు. నీటి పైన కనిపించే ఆ చిన్న కొసను నిలిపేది అంతే బలం. అంతకు కొంచెం మించి లాగితే చాలు, బెండు మునుగుతుంది.

ఇంత సన్నని లెక్క ఎందుకంటే, చేప ఎరను కొరికి అందుకోదు. నోరు ఒక్కసారిగా తెరిచి, నీటితోపాటు లోపలికి పీల్చుకుంటుంది. వెనక బరువు తగిలితే అంతే వేగంగా ఊసేస్తుంది. తూకం కుదిరిన బెండు ఆ అనుమానానికి తావివ్వదు.

ఇక చదవాల్సింది బెండునే. పరక అయితే వరసగా చిన్న చిన్న కుదుపులు. జెల్ల అయితే పక్కకు ఈడుస్తూ ముంచేస్తుంది. అన్నిటికంటే నాకు అబ్బురంగా తోచేది మరొకటి: ఒక్కోసారి బెండు మునగకుండా పైకి లేచి నీటి మీద పడుకుంటుంది. అడుగున మేసే చేప ఎరను నోట్లోకి తీసుకుని తల ఎత్తిందన్నమాట; దాంతోపాటు సీసమూ లేచింది, మోయాల్సిన బరువు పోయి బెండు ఒరిగింది. లోపల కనిపించని కదలికను పైన చూపిస్తుందది.

కొర్రమట్టకు ఈ లెక్క పనికిరాదు. గాలి పీల్చడానికి అదే పైకి వస్తుంది; నీటి మీద ఆడించే కప్ప చాలు, బెండు అక్కర్లేదు.

బెండు కదిలాక కర్ర పని. మొదలు చేతిలో గట్టిగా, కొస వేలి కంటే సన్నగా ఉన్న వెదురే ఎంచుకుంటారు. మణికట్టుతో చిన్నగా ఎత్తితే మొదలులోని గట్టిదనం ముల్లును దింపుతుంది; చేప గుంజినప్పుడు కొస వంగి ఆ విసురును తనలోకి తీసుకుంటుంది. అందుకే కిలో చేపకు కూడా సన్నని దారం తెగదు, పెదవి చిరగదు.