గేటు బయట భాష

డబ్బింగ్ మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తేమీ కాదు. ఈ వారం అది మళ్లీ రాజుకుంది. కొరియా సినిమా ఒకటి తెలుగులో దొరికింది కదా అని కూర్చుంటే, చేనులో కలుపు తీసే ముసలామె మన సీరియల్ అత్తగారిలా దీర్ఘాలు తీస్తోంది. పది నిమిషాలకే కట్టేశాను.

ఆ కసితోనే ఆదివారం పక్కింటి మామను పిలిచి ‘కామెరాడ్‌షాఫ్ట్’ పెట్టాను. పాబ్స్ట్ 1931లో తీసిన సినిమా. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్ బొగ్గుగనుల్లో పేలుడు జరిగి 1,099 మంది పోయారు. అప్పుడు జర్మనీ నుంచి రెస్క్యూవాళ్లు వచ్చారు. పాబ్స్ట్ ఆ కథను మొదటి ప్రపంచ యుద్ధం తరవాతి కాలానికి, సరిహద్దు మీది గనికి జరిపాడు. ఫ్రెంచివాళ్లు ఫ్రెంచిలో, జర్మన్లు జర్మన్‌లో మాట్లాడతారు. ఒకరి మాట ఒకరికి అందదు. డబ్బింగ్ చెబితే ఇద్దరూ ఒకే తెలుగు మాట్లాడతారు, ఇక కథేం మిగిలింది? ఎవరితో వాదానికి దిగినా నేను తీసే ఆయుధం ఇదే.

మామ సింగరేణిలో, గని పైకప్పుకు కట్టెలు ఆనించే సపోర్ట్‌మన్‌గా చేసి దిగిపోయాడు. హీరో మొహానికి మసి పూస్తే బొగ్గుబాయి సినిమా అయిపోదని ఆయన వాదన. తెర కింద పడే ఇంగ్లిషు అక్షరాలు చదవలేడు కాబట్టి పక్కన కూర్చుని కథ చెప్పబోయాను.

“నువ్వు సప్పుడు జెయ్యకు. కట్టె ఇరిగేది ఇననీ.”

ఫ్రెంచి గనిలో మంట బయటికి రాకుండా ఇటుక గోడ కడుతున్నారు. “స్టాపింగ్ గడ్తాండ్రు. నిలువది అది” అన్నాడు మామ. నిలవలేదు. పొగలో మతి చెదిరిన ఫ్రెంచి కార్మికుడు, మాస్కు తొడుక్కుని తనను కాపాడడానికొచ్చిన జర్మన్‌ను యుద్ధంలోని శత్రువనుకుని మీద పడతాడు. నేను నోరు తెరవలేదు. “మాస్కుల మొగోడెవడో ఎట్ల తెలుస్తది మరి” అన్నాడాయన. తొంభై ఏళ్లు దాటిన సినిమా, రాని రెండు భాషలు, ఒక్క ముక్క కూడా జారిపోలేదు. ఈ వారం కాలమ్ రాసేసినట్టే అనుకున్నాను.

గడప మీద అత్తమ్మ కూర్చుని ఉందని నాకు అప్పటిదాకా గుర్తులేదు.

ప్రమాదం మాట తెలిసి ఆడవాళ్లంతా గని గేటుకు ఉరికే సీను ఒకటుంది. గేటు మూసి ఉంటుంది. ఊచలు పట్టుకుని అరుస్తుంటారు. మామ ఆ సీన్లో మంచినీళ్లకు లేచాడు. అత్తమ్మ అడిగింది: “ఏమంటాంది ఆమె?”

తోసుకొస్తున్నారని చెప్పాను.

“అది కనవడ్తనే ఉంది. ఏమంటాంది?”

2003 జూన్ 16న ఇక్కడ గోదావరిఖనిలోనే 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. ఖని మీద ఉన్నవాళ్లకు ఆ రోజు గురించి నేను చెప్పేదేముంది. అత్తమ్మ దాని ఊసే ఎత్తలేదు. “బాయిల ఉన్నోనికి సప్పుడే మాట. బయట నిలవడ్డోళ్లకు ఏం కనవడ్తది? మీదికొచ్చినోని నోట్లె మాట కోసమే చూస్తం” అంది.

సీను వెనక్కి తిప్పాను. తెర మీద అరుపు ఎంతుందో, కింద అక్షరాలు అంత కురచగా ఉన్నాయి. నాకు ఫ్రెంచి రాదు. ఇన్నేళ్లుగా ఈ సినిమాను భుజాన మోసుకు తిరుగుతున్న నేను, ఆ ఆడవాళ్లు ఏమంటున్నారో ఒక్కసారీ తెలుసుకోవాలనుకోలేదు. మామలాగే నేనూ ఆ సీను ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు కిందికి దిగుతారా అనే చూశాను.

డబ్బింగ్ మీద ఇంతకాలం రాసింది వాపసు తీసుకుంటున్నాను, కనీసం గేటు సీను వరకు. ఫ్రెంచి తెలిసినవాళ్లు ఒకరు కావాలి. ఖని యాసలో గొంతెత్తగల ఆడవాళ్లు పదిమంది కావాలి. మొదటి గొంతు అత్తమ్మది, ఒప్పుకుంది.