కవితలో బిడ్డలు, చరిత్రలో వ్యక్తులు: సరోజినీ నాయుడు సంతానం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: జాతీయ నాయకుల సంతానాన్ని వారసులుగా మాత్రమే చూడడం జీవితచరిత్ర విమర్శలో స్థిరపడిన అలవాటు. సరోజినీ నాయుడు తన పిల్లలపై రాసిన కవితను, వారికి రాసిన లేఖలను, పెద్దవారైన తరువాత ఆ పిల్లలు చేసిన పనులతో కలిపి చదివి, ఆ దృష్టి ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సరోజినీ నాయుడు, పద్మజా నాయుడు, జయసూర్య, లేఖాసాహిత్యం, వారసత్వం.

1. ప్రవేశిక

హైదరాబాదు ఐటి కారిడార్‌లో, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కళలు, ప్రసార మాధ్యమాల అధ్యయన విభాగానికి సరోజినీ నాయుడు పేరు ఉంది. 1974లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం మొదట నాంపల్లిలోని ‘గోల్డెన్ త్రెషోల్డ్’ భవనంలో పనిచేసింది. అది సరోజిని కుటుంబం నివసించిన ఇల్లు. దానిని విశ్వవిద్యాలయానికి ఇచ్చినవారు ఆమె కుమార్తె పద్మజ. విభాగం పేరులో తల్లి నిత్యం గుర్తుకు వస్తారు. ఇల్లు ఇచ్చిన కుమార్తె ప్రస్తావన అరుదు. ఆ సంతానాన్ని విమర్శ ఎలా చదవాలన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

2. కవితలోని పిల్లలు

1898లో డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని వివాహమాడిన సరోజినికి నలుగురు పిల్లలు. 1905లో వెలువడిన ఆమె తొలి సంపుటి ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’లో వారిని ఉద్దేశించిన కవిత ఒకటుంది. అప్పటికి జయసూర్యకు నాలుగేళ్లు, పద్మజకు మూడు, రణధీరకు రెండు, లీలామణికి ఒకటి అని కవితలోనే సూచన ఉంది. ప్రతి బిడ్డ పేరులోని అర్థమే ఆశీస్సుగా మారడం ఈ కవిత నిర్మాణసూత్రం. కుమారులకు విజయం, యుద్ధం దక్కాయి. కుమార్తెలకు మాధుర్యం, ఆనందం దక్కాయి. ఇది మన నామకరణ సంప్రదాయానికి దగ్గరైన పద్ధతే. అయితే పసివారి స్వభావాలకు, మాటలకు ఇందులో చోటు లేదు. బిడ్డ ఇక్కడ వ్యక్తి కాదు, తల్లి ఆకాంక్షకు ప్రతీక.

3. లేఖలలోని పిల్లలు

సరోజిని 1925లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. విదేశీయాత్రలు, 1930 నాటి ధరాసన సత్యాగ్రహం, కారాగారవాసం ఆమెను ఇంటికి దూరం చేశాయి. ఆ దూరంలో తల్లి పాత్రను లేఖలు నిర్వహించాయి. మకరంద్ పరాంజపే సంపాదకత్వంలో 1996లో వచ్చిన సరోజిని లేఖల సంకలనం ఇందుకు ముఖ్యమైన ఆధారం. కవితలో ప్రతీకలైనవారు లేఖలలో సంబోధితులయ్యారు. వారితో పంచుకోవలసిన వార్త, అడగవలసిన క్షేమం ఉన్నాయి. కానీ సంకలనం తల్లి లేఖలది కనుక పిల్లల ప్రత్యుత్తరం అక్కడ వినిపించదు. ఆ ప్రత్యుత్తరాన్ని వారి పనులలో వెదకవలసి ఉంటుంది.

4. పిల్లల ప్రత్యుత్తరం

హోమియో వైద్యుడైన జయసూర్య 1952 ఎన్నికల్లో మెదక్ నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తల్లి అధ్యక్షత వహించిన కాంగ్రెస్ తరఫున కాక, నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులకు వేదికగా నిలిచిన పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ తరఫున ఆయన పోటీ చేశారు. కవిత కోరిన విజయం లభించింది, తల్లి పక్షాన మాత్రం కాదు.

పద్మజ 1956 నుంచి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా ఉన్నారు. కవిత కుమార్తెకు ఊహించని రాజ్యాధికారమిది. కుటుంబ ప్రతిష్ఠ ఆమెకు తోడ్పడలేదని చెప్పలేం. అంతమాత్రాన ఆమె కృషి ఆ ప్రతిష్ఠలో కలిసిపోదు. 1917లో ‘ది బ్రోకెన్ వింగ్’ తరువాత సరోజిని జీవితకాలంలో కొత్త కవితల సంపుటి రాలేదు. 1927 నాటి కవితలను ‘ది ఫెదర్ ఆఫ్ ది డాన్’గా 1961లో ప్రచురించినది పద్మజే. ఒకప్పుడు కవితావస్తువైన బిడ్డ ఇక్కడ సంపాదకురాలైంది. తల్లి రచనలలో లోకానికి చేరవలసినదాన్ని చేర్చింది.

5. ఉపసంహారం

వారసత్వం అనే మాట జయసూర్య భిన్నమార్గాన్ని గాని, పద్మజ సంపాదకత్వాన్ని గాని వివరించలేదు. మొదటిది విభేదం, రెండవది సంరక్షణ. రెండింటిలోనూ స్వీయనిర్ణయం ఉంది. రణధీర, లీలామణుల గురించి సాహిత్య చర్చ మరీ తక్కువ. కనుక నాయకుల జీవితచరిత్రలను పరిశోధించేవారు సంతానాన్ని అనుబంధంగా కాక, ఆ రచనలకు పాఠకులుగా, సంపాదకులుగా, కొన్నిసార్లు ప్రతివాదులుగా పరిగణించాలి. గచ్చిబౌలి ప్రాంగణంలో సరోజినిని చదివే విద్యార్థికి పద్మజ పేరు కూడా పాఠ్యభాగమే కావాలి.