చెప్పేవారి గొంతు, రాసేవారి చెయ్యి

మరొకరి జీవితకథను వారి మాటల్లోనే రాసిపెట్టే ఘోస్ట్ రైటర్ పనిని చిన్నచూపు చూడటం అన్యాయం. సొంతంగా రాయనిది సొంత కథ ఎలా అవుతుందని అడుగుతారు. ఆ అనుమానం ఉత్తది కాదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కౌమారంలో ఉండగా, 1910లో ‘ఆల్సియోన్’ పేరుతో ‘ఎట్ ద ఫీట్ ఆఫ్ ద మాస్టర్’ వచ్చింది. అది ఆత్మకథ కాదు. అయినా రాసింది ఆయనేనా, ఆయన చుట్టూ ఉన్న పెద్దలా అన్న వివాదం పుస్తకాన్ని వదల్లేదు. రాసేవారి చెయ్యి చెప్పేవారి గొంతును మించితే వచ్చే చిక్కు ఇదే.

కానీ తప్పు పద్ధతిది, వృత్తిది కాదు. 1980లలో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీలు తమ కథ తామే చెబుతారు. అడిగి, ఓపిగ్గా విని, అక్షరబద్ధం చేసినవాళ్లు వేరే. ఆ శ్రమ లేకుంటే ఎన్నో గొంతులు పుస్తకానికి ఎక్కేవే కావు. పేరుమోసిన రచయితకన్నా వినగలిగిన మనిషే ఇక్కడ గొప్ప పనివాడు.

అందుకే తమ కథ రాయించుకోదలచినవారు ముందు ఒక్క అధ్యాయం రాయించండి. పైకి చదివించుకుని వినండి. మీ యాస వినబడకపోతే మరొకరిని వెతకండి. వినబడితే ప్రతిఫలంతోపాటు రాసినవారి పేరునూ పుస్తకంలో ఇవ్వండి.