ముందు నకలు

పోలవరంలో ఏటిగట్టు వైపు వెళ్లే దారిలో ఒక చిన్న గది. జెరాక్స్ మిషను, రీఛార్జ్ బోర్డు దాటి లోపలికి వెళ్తే ఒక బల్ల, దాని మీద నల్ల రబ్బరు షీటు. ఆ బల్ల దగ్గర కూర్చునే కుర్రాడి పనితనం గురించి ఈ నాలుగు మాటలు. పేరు వేయొద్దన్నాడు, వేయడం లేదు. మూడు రోజులు పక్కనే స్టూలు మీద కూర్చుని అతను చేసిన ఒకే ఒక్క పనిని మొదట్నుంచీ చివరిదాకా చూశాను.

నేను తీసుకెళ్లింది మావయ్యగారి సీపీయూ. మావయ్య రిటైరైన టీచరు. ప్రాజెక్టు కోసం ఖాళీ చేసిన పైడిపాక, రామయ్యపేట, దేవరగొంది వరసలో ఒక ఊరి బళ్లో చాలాకాలం పనిచేశారు. ఇళ్లు పడగొట్టకముందు కెమెరా పట్టుకుని ఊరంతా తిరిగారు. రామాలయం, రేవు, చింతచెట్టు, బడి, ఎవరి అరుగు మీద వాళ్లు. ఇప్పుడా ఊరు లేదు. ఆ ఫొటోలు ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు. ఒకరోజు పొద్దున్న స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది గానీ విండోస్ రాలేదు. బూట్ డివైస్ దొరకలేదని నల్ల తెర మీద ఒక్క లైను.

"ఎన్నిసార్లు ఆన్ చేసేరండి మేష్టారూ?" అదీ అతను అడిగిన మొదటి మాట.

"ఓ ఇరవైసార్లు చేసుంటాను నాన్నా."

"టక టకమని చప్పుడేమైనా వచ్చిందాండీ?"

"లేదు."

"అయితే ఇంక ఆన్ చెయ్యొద్దండి. మనకి ఛాన్సుంది."

అప్పటికే ఒకచోట ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తామన్నారు. మావయ్య ఒప్పుకోకుండా తెచ్చుకోవడమే ఆయన అదృష్టం. బూట్ కాని కంప్యూటర్లో సమాచారం చాలాసార్లు పదిలంగానే ఉంటుంది. పోయింది దారే. కొత్తగా విండోస్ వేశామంటే పాత అక్షరాల మీద కొత్తవి పడిపోతాయి. చెక్‌డిస్క్ కొట్టినా ప్రమాదమే. అది చెడిన డిస్కు మీదే రాస్తూ దిద్దుబాటు మొదలుపెడుతుంది.

చప్పుడు గురించి ఎందుకడిగాడో తర్వాత చెప్పాడు. హార్డ్ డిస్కులో అద్దంలాంటి పళ్లెం నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది. చదివే ముల్లు దాన్ని తాకదు. తలవెంట్రుక మందంలో వేలవంతు ఎత్తున గాలి మీద తేలుతుంది. ఆ ముల్లు చెడితే టక టకమని కొట్టుకుంటుంది. ఆ స్థితిలో కరెంటు ఇస్తే పళ్లేన్నే గీకేస్తుంది. అలాంటిదైతే అతను ముట్టుకోడు. దుమ్ము లేని గదులున్న పెద్ద ల్యాబుకి పంపాల్సిందే. తన చేతికి అందనిదేదో తెలిసి వెనక్కిచ్చేయడం కూడా పనితనమేనని నాకనిపించింది.

ముందు తేలికైన తప్పులేమో చూశాడు. ర్యామ్ తీసి దాని పసుపు పళ్లని పిల్లల రబ్బరుతో రుద్దాడు. నాణెంలాంటి బ్యాటరీ మార్చాడు. తర్వాత డిస్కుని విప్పి తన మిషనుకి కొత్త కేబులుతో తగిలించాడు. డిస్కు తిరగ్గానే దాని మీద అరచెయ్యి ఆన్చి కాసేపు కదలకుండా ఉన్నాడు, నాడి చూసే ఆచారిగారిలాగా. తిరుగుడు నిలకడగా ఉంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క ఒకటుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. అందులో చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల, అంటే డిస్కు మీది చిన్న చిన్న గదుల అంకె వందల్లో ఉంది. "బ్యాడ్ సెక్టార్లండి," అన్నాడు. వెంటనే కరెంటు తీసేశాడు.

ఇక్కణ్ణుంచి అతని చేతిని ఇంకా దగ్గరగా చూశాను. అంతకన్నా పెద్ద కొత్త డిస్కు ఒకటి తెచ్చాడు. పాతదానికి ఎర్రటేపు, కొత్తదానికి తెల్లటేపు అంటించాడు. రెండింటి సీరియల్ నంబర్లలో చివరి నాలుగంకెలు టేపుల మీద రాశాడు. పెన్‌డ్రైవ్‌లోంచి లైనక్స్ లేపాడు. అది డిస్కుని తనంతట తాను తెరవకుండా ముందే కట్టడి చేసిపెట్టుకున్నాడు. తెర మీద ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కకుండా ఆగాడు. "మేష్టారూ, ఎర్రటేపు మీద నంబరు చదవండి." మావయ్య చదివారు. "తెల్లది?" అదీ చదివారు. ఎక్కణ్ణుంచి, ఎక్కడికి అన్న రెండు పేర్లు తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి ఊరు మీద పడుతుంది. రోజూ చేసే పనే అయినా ఆ రెండు పేర్లనీ తన వేలితో మరోసారి తడిమి, అప్పుడు నొక్కాడు.

ఆ పని చేసే ప్రోగ్రాం పేరు డీడీ రెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన 2004లో మొదలుపెట్టి, అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాని పద్ధతి గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71.3 అడుగులకి వచ్చినప్పుడు ఇక్కడ లాంచీలూ పడవలూ నడిపినవాళ్లు ఏం చేశారు? కష్టమైన ఒక్క ఇంటి దగ్గర గంటలు గంటలు పట్టుకు వేలాడలేదు. ముందు అందినవాళ్లందర్నీ గట్టెక్కించారు. మిగిలినవాళ్లు ఎక్కడున్నారో గుర్తుపెట్టుకుని మళ్లీ వెళ్లారు. ఈ ప్రోగ్రామూ అంతే. చెడిన చోటు తగలగానే దాంతో కుస్తీ పట్టదు, గెంతి అవతలకి పోతుంది. ముందు తేలిగ్గా వచ్చేదంతా కొత్త డిస్కులోకి తెచ్చేసుకుంటుంది. ఆ తర్వాత వెనక్కొచ్చి చెడిన జాగాల అంచులు కోస్తుంది. ఆఖరున ఒక్కో సెక్టారూ గీకి చూస్తుంది.

గుర్తుపెట్టుకోవడానికి దానికో చిన్న చిట్టా ఉంది, మ్యాప్‌ఫైల్ అంటారు. ఇంకా ముట్టుకోని చోట ప్రశ్నార్థకం. అంచు కోయాల్సిన చోట నక్షత్రం. గీకాల్సిన చోట ఏటవాలు గీత. చదవలేక వదిలేసిన చోట మైనస్. దక్కినచోట ప్లస్. మొదటిరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు మోసింది. అతను ఆ కాసేపట్లో పని ఆపి, డిస్కుని చల్లారనిచ్చాడు. కరెంటొచ్చాక మళ్లీ అదే ఆజ్ఞ కొడితే చిట్టా చూసుకుని ఆగినచోట అందుకుంది. ఒక టెరాబైటు డిస్కులో 512 బైట్ల గదులు 195 కోట్ల పైచిలుకు. అన్నింట్లో ఏది ఎక్కడ ఆగిందో ఆ చిట్టా మర్చిపోలేదు.

మంచి డిస్కయితే మూడు నాలుగు గంటల పని. ఇది రెండ్రోజులు పట్టింది. ఎర్రటేపు డిస్కు మీద చిన్న ఫ్యాను పెట్టి, మధ్యమధ్య చెయ్యేసి వేడి చూస్తూ, మిగతావేళ జెరాక్సులు తీసుకున్నాడు. రాత్రి పడుకునేముందు ఆపేసేవాడు. చూసేవాడు లేకుండా పేషెంటుని వదలకూడదన్నాడు.

ఆ ఖాళీలో అతను తన దగ్గరికొచ్చే రకరకాల కేసులు చెప్పాడు. వరదలో తడిసిన డిస్కుల్ని బియ్యంలో పెట్టి ఎండబెట్టి తెస్తారట. అది తప్పు. బురదనీరు ఆరితే మట్టి పళ్లెం మీద గట్టిపడిపోతుంది. తడి ఆరకుండా సంచిలో మూసి, కరెంటు తగిలించకుండా తేవాలి. శుభలేఖలు వేసే డీటీపీ షాపుల డిస్కులది వేరే గోల. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు దొరికినా, అవి కొట్టిన అను ఫాంట్లు లేకపోతే తెరమీద పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. అందుకని అలాంటివాళ్లకి ఫైళ్లతోపాటు ఫాంట్ల ఫోల్డరు కూడా వెతికి ఇస్తాడు. కొత్త ల్యాప్‌టాప్‌లయితే బిట్‌లాకర్ తాళం ఉంటోంది. దానికి 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోకపోతే డిస్కు నిక్షేపంలా ఉన్నా ఎవరూ తెరవలేరు.

బదులుగా నేను కొలంబియా వ్యోమనౌక సంగతి చెప్పాను. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ఉన్న షటిల్ ఆకాశంలో ముక్కలైంది. ఆ శిథిలాల్లో కాలి కరిగిన ఒక హార్డ్ డిస్కు దొరికింది. అమెరికాలో ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు పళ్లేలు బయటికి తీసి, కడిగి, వేరే డిస్కు శరీరంలో పెట్టి చదివారు. 99 శాతం దక్కింది. జీనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం అందులో ఉంది, ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. డిస్కు సగమే నిండి ఉండటం, దెబ్బ తగిలిన చోట రాతలు లేకపోవడం కలిసొచ్చాయి. అతను విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు, "ఏంతో కడిగేరండి?" పనివాడి ప్రశ్న అది.

రెండోరోజు సాయంత్రానికి డిస్కు దాదాపు అంతా దక్కింది. పోయింది ఎక్కువగా మొదట్లోనే. మొదటి సెక్టార్లు, అంటే డిస్కులో ఏ వాటా (పార్టిషన్) ఎక్కడ మొదలవుతుందో చెప్పే పేజీలు. అందుకే కంప్యూటర్ లేవలేదు. ఇక్కడ విండోస్ ఫైళ్ల అమరికలో ఒక ముందుచూపు నాకు తెలిసింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఆ అమరిక తన మొదటి సెక్టారుకి నకలు తీసి వాటా చిట్టచివరి సెక్టార్లో దాచుకుంటుంది. పంచాంగం మొదటి పేజీ చిరిగితే వెనక అట్ట లోపల అదే పేజీ ఇంకోటి ఉన్నట్టు. అతను టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో ఆ చివరి నకలుని పట్టుకుని ముందుకి తెచ్చాడు. అదీ ఎర్రటేపు డిస్కులో కాదు, తీసిన కాపీలో కూడా కాదు. ఆ కాపీకి తీసిన ఇంకో కాపీలో. ఎంటర్ నొక్కాడు. డెస్క్‌టాప్ అన్న ఫోల్డరు, అందులో "మన ఊరు" అన్న ఫోల్డరు. మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కొన్ని ఫొటోలు ఆ ఫోల్డర్లో లేవు. వాటికి ఫొటోరెక్ అనే ఇంకో ప్రోగ్రాం నడిపాడు. అది పేర్లు చూడదు. ప్రతి జేపీజీ ఫొటో ఒకే గుర్తు బైట్లతో మొదలవుతుంది, ఆ గుర్తుని పట్టుకుని డిస్కంతా వెతుకుతుంది. దొరికినవి పేర్లు పోయి వట్టి అంకెలతో వచ్చాయి. మావయ్య ఒక్కోటీ చూసి చెప్తుంటే అతను పేర్లు పెట్టాడు. రేవు. పాత కళ్లం. సంక్రాంతి ముగ్గు.

ఒక ఫొటో సగమే వచ్చింది. బడి ముందు పిల్లలు. పైన పెంకుల కప్పు, జెండా కర్ర, కొంచెం ఆకాశం. దాని కింద అంతా బూడిద రంగు. మావయ్య పర్వాలేదన్నారు. అతను మాత్రం మ్యాప్‌ఫైల్ తెరిచి ఆ ఫొటో ఉన్న చోటు లెక్కగట్టాడు. అక్కడ వరసగా మైనస్‌లు. డిస్కుని రాత్రంతా చల్లగా ఉంచి, మూడోరోజు పొద్దున్న ఆ ఒక్కచోటే ఈసారి వెనక నుంచి ముందుకి చదివించాడు. చెడిన సెక్టారు ఒక్కోసారి పదోసారికి నోరు విప్పుతుందట. కొన్ని విప్పాయి. ఫొటో మళ్లీ తెరిస్తే బూడిద ఒక బెత్తెడు కిందికి జరిగింది. ఆఖరి వరసలో నిలబడ్డ పిల్లల తలలు కనిపించాయి, జడలతో, నూనె రాసిన పాపిళ్లతో.

మావయ్య తెరకి దగ్గరగా జరిగి, ఎడమ నుంచి కుడికి, ఒక్కో తలనీ పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టారు. అతను ఫొటోని రెండు రకాలుగానూ సేవ్ చేశాడు. ఎర్రటేపు మీద మార్కరుతో "వాడొద్దు" అని రాసి, డిస్కుని పాత గుడ్డలో చుట్టి మావయ్య చేతికిచ్చాడు.