అరియోపజిటికా: ఒక పరిశీలన

ఆధునిక వాక్ స్వాతంత్ర్య చరిత్రను వ్రాసేవారు ఎక్కువగా ఆంగ్ల కవి జాన్ మిల్టన్ 1644లో ప్రకటించిన ‘అరియోపజిటికా’తో ఆరంభిస్తారు. గ్రంథాలను అచ్చువేయడానికి ముందే అనుమతి పొందాలని ఇంగ్లండు పార్లమెంటు 1643లో చేసిన శాసనాన్ని ఖండిస్తూ వెలువడిన చిన్న పుస్తకమిది. సత్యాన్ని అసత్యంతో బాహాటంగా తలపడనిస్తే సత్యం ఓడిపోదని, చెడును ఎరిగి త్రోసిపుచ్చడమే నిజమైన సద్గుణమని మిల్టన్ వాదం. ఇది ఉదాత్తమైన వాదమనడంలో సందేహం లేదు.

అయితే ఈ స్వేచ్ఛ ఎవరికి? కాథలిక్కులకు దీనిని వర్తింపజేయరాదని అదే పుస్తకంలో మిల్టన్ స్పష్టం చేశాడు. 1651లో ప్రభుత్వ పక్షాన ఒక వార్తాపత్రికకు అనుమతులిచ్చే బాధ్యతనూ తానే నిర్వహించాడు. చివరకు 1695లో అనుమతి చట్టం గడువు తీరి పోయినప్పుడు పార్లమెంటులో ప్రధానంగా వినిపించినవి ముద్రణ వ్యాపార గుత్తాధిపత్యం వంటి ఆచరణాత్మక ఆక్షేపణలే గాని మిల్టన్ సిద్ధాంతం కాదు.

ఇది చూపి మనం సంతోషించనవసరం లేదు. అంతకు ఎనిమిది శతాబ్దాల పూర్వమే బాగ్దాదులో ఇదే పరీక్ష ఎదురైంది. విద్యాపోషకుడిగా, తర్కప్రియుడిగా పేరొందిన ఖలీఫా మామూన్ క్రీ.శ. 833లో ఖుర్ఆన్ సృష్టించబడినదని ఒప్పుకోవలసిందిగా ఖాజీలను, హదీసువేత్తలను నిర్బంధించాడు. ‘మిహ్నా’ అంటే ఇదే. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) ఖుర్ఆన్ నుండిగాని, సున్నత్ నుండిగాని ఆధారం చూపమన్నారే తప్ప లొంగలేదు. మామూన్ అనంతరం ముఅతసిమ్ ఆయనను కొరడాలతో కొట్టించాడు.

మన రచయితలు ఈ గాథను ఇమామ్ సహనంతో ముగిస్తారు. కాని కథ అక్కడ ముగియలేదు. ముతవక్కిల్ మిహ్నాను ఎత్తివేస్తూనే ఆ విషయంపై వాదోపవాదాలను నిషేధించాడు. తరువాతి కాలంలో హంబలీ అనుయాయులలోనే కొందరు 923లో మరణించిన మహా వ్యాఖ్యాత తబరీని వేధించారు. దెబ్బలు తిన్న పక్షం బలం చేకూరగానే ఎదుటివాని నోరు మూయజూసింది.

ధర్మం విషయంలో బలాత్కారం లేదన్న ఖుర్ఆన్ శాసనం (2:256) బలహీనునికి ఊరట మాత్రమే కాదు, బలవంతునికి కళ్ళెం కూడా. మిల్టన్ లోపాన్ని ఎత్తిచూపే విమర్శకుడు మామూన్ లోపాన్ని కప్పిపుచ్చితే అది విమర్శ అనిపించుకోదు, పక్షపాతమే అవుతుంది. మనం తప్పనుకున్న మాట పలికేవానికి మన సభలో చోటు ఇవ్వగలిగిననాడే ఇమామ్ హంబల్ పేరు తలచే అర్హత మనకు కలుగుతుంది.