ఖాళీ బండికి ఏ ఇంజనైనా బాగుంటుంది

బండి కొనబోయేవాడు నన్ను మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. రెండోది మైలేజీ. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చెప్పి రిటైరైన పాపానికి, బాపట్లకీ చీరాలకీ మధ్య ఎవరు పికప్పు కొన్నా షోరూముకి నన్ను వెంటబెట్టుకుపోతారు. పోతాను. కాఫీ ఇస్తారు, బ్రోచరు చేతిలో పెడతారు. అందులో పెద్దక్షరాల్లో ఉండేది ఎప్పుడూ హెచ్‌పీయే. నేను పేజీ తిప్పి టార్క్ ఎంత, అది ఏ ఆర్‌పీఎం దగ్గర అందుకుంటుంది అని వెతుక్కుంటాను. సేల్స్ కుర్రాడికి నా మీద విసుగు అక్కడే మొదలవుతుంది.

క్లాసులో ఈ సంగతి చెప్పడానికి బోర్డు మీద రెండు బళ్ళ పేర్లు రాసేవాణ్ణి. మహీంద్రా 575 ట్రాక్టరు 45 హెచ్‌పీ. మారుతి 800 కారు 37. కాగితం మీద చూస్తే కొంచెమే తేడా. మరి ధాన్యం బస్తాలతో నిండిన ట్రాక్టరు ట్రక్కుని కారు వెనక కట్టి లాగిద్దామా అంటే పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వాక లెక్క వేయించేవాణ్ణి. కారు ఆ 37 ఇచ్చేది 5000 ఆర్‌పీఎం దగ్గర. ట్రాక్టరు తన 45 ఇచ్చేది 1900 దగ్గరే. టార్క్‌ని ఇంజను తిరిగే వేగంతో హెచ్చిస్తే వచ్చేది హెచ్‌పీ. కాబట్టి మెల్లగా తిరుగుతూ అంత పని చేసే ఇంజను, ప్రతి చుట్టులోనూ షాఫ్టుని గట్టిగా తిప్పుతున్నట్టే లెక్క. ట్రాక్టరుది 170 న్యూటన్ మీటర్ల దాకా వస్తుంది, కారుది 60 దాటదు. బరువుని కదిలించేది ఈ అంకె. కదిలాక ఎంత జోరుగా పోతామన్నది హెచ్‌పీ చెబుతుంది.

మనవైపు కొండల్లేవు, ఘాట్ రోడ్లు లేవు, ఇంక పెద్ద ఇంజను దేనికని చాలామంది అంటారు. తెనాలి నుంచి రేపల్లె దాకా వెళ్తే నిజమే అనిపిస్తుంది. ఎక్కుడు అనదగ్గది కాలవ వంతెనో, రైల్వే ఫ్లైఓవరో. కానీ బాపట్ల దాటి స్టూవర్టుపురం మీదుగా చీరాల వైపు వస్తూ సముద్రం దిక్కుకి తిరగండి. వేరుశనగ చేలల్లో ఇసుక, సర్వి తోటల్లో ఇసుక, రొయ్యల చెరువుల దగ్గర బంకమట్టి గట్లు. కొండ మీదైతే ఊపందుకుని ఎక్కొచ్చు. ఇసుకలో ఊపు దొరకదు, నిలబడ్డచోటు నుంచే లాగాలి.

చెరువు గట్టు దగ్గర ఒకసారి నిలబడి చూడాలి. పికప్పులో పాతిక కిలోల మేత బస్తాలు అరవై, అంటే టన్నున్నర. గట్టు ఎక్కే ర్యాంపు మహా అయితే నాలుగైదు గజాలు. ఎదురుగా ఇంకో బండి దిగుతుంటే డ్రైవరు ర్యాంపు మొదట్లో ఆపుతాడు. ఇప్పుడు ఎత్తాలి. క్లచ్ సగం వదిలితే ఇంజను వెయ్యి ఆర్‌పీఎంకి పడి వణుకుతుంది. టర్బో ఇంకా లేవలేదు, ఎందుకంటే టర్బోని తిప్పేది పొగగొట్టంలోకి పోయే వాయువే, ఇంజను తిరగందే ఆ వాయువు చాలదు. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతాడు. టర్బో 1500 దగ్గర ఉన్నట్టుండి అందుకుంటుంది, వెనక చక్రం గిర్రున తిరిగి బంకమట్టిలో గుంట తవ్వుతుంది, క్లచ్ ప్లేటు మాడిన వాసన కేబినులోకి వస్తుంది. బ్రోచరులో అంకె ఎంత ఉన్నా ఈ నాలుగు గజాల్లో పనికొచ్చింది ఎంత? అందుకే గరిష్ఠ టార్క్ కంటే అది ఎంత కింద నుంచి దొరుకుతుందన్నది చూడమంటాను.

గేర్ల సంగతి చాలామంది మరిచేపోతారు. ఇంజను ఇచ్చే టార్క్ ఉన్నదున్నట్టు చక్రానికి పోదు. ఇంజనుది 200, ఫస్టు గేరు నిష్పత్తి నాలుగు, వెనక డిఫరెన్షియల్‌ది ఇంకో నాలుగు అనుకుంటే చక్రం దగ్గరికి 3200 చేరుతుంది, రాపిడికి పోయేది పోగా. అదే ఇంజనుకి డిఫరెన్షియల్ ఐదు పెడితే 4000. పాతకాలపు మెకానిక్కులు ఇంజను ముట్టుకోకుండా క్రౌన్, పినియన్ మార్చి బండిని ‘లాగేట్టు’ చేసింది ఇలాగే. కాకపోతే హైవే మీద అదే బండి గోలగోలగా తిరిగి డీజిలు తాగుతుంది.

ఇంజను పెద్దదైతే లాగుడు ఎక్కువ అనే పాత నమ్మకాన్ని మన రాష్ట్రంలోనే ఒక ఫ్యాక్టరీ తిరగేసింది. శ్రీసిటీలో ఇసుజు 2016లో పెట్టిన ప్లాంటు నుంచి డీ-మ్యాక్స్ పికప్పులు వస్తాయి. సరుకు మోసే రకానికి 2.5 లీటర్ల ఇంజను పెట్టారు, 78 హార్స్ పవర్, 176 న్యూటన్ మీటర్లు. షోకు రకం వీ-క్రాస్‌కి పెట్టింది 1.9 లీటర్లదే, కానీ 163 హార్స్ పవర్, 360 న్యూటన్ మీటర్లు. సిలిండర్లు చిన్నవైనా టర్బో గాలిని ఎక్కువ కుక్కుతుంది, దానికి తగ్గట్టు ఇంధనం ఎక్కువ కాలుతుంది. చిన్నదాని టార్క్ గరిష్ఠానికి చేరేది 2000 దగ్గర, పెద్దదానిది 1500 నుంచే. అంకెల్లో వీ-క్రాస్‌దే పైచేయి, కాదనను. కానీ ధర సంగతి అటుంచండి, అంత ఒత్తిడితో పనిచేసే ఇంజనుకి మంచి ఆయిలు, వేళకి సర్వీసు, కల్తీ లేని డీజిలు పడాలి. పీపాలో తెచ్చిన డీజిలు గరాటుతో పోసుకునే చోట నేను తక్కువ ఒత్తిడి ఇంజనుకే ఓటేస్తాను. ఇది నా పిడివాదం కావచ్చు.

అమెరికాలో వ్యవహారం వేరు. అక్కడ మన పిల్లలు కొనే ఫోర్డ్ ఎఫ్-150లో బండి ఒకటే, ఇంజను మనమే ఎంచుకోవాలి. డాలస్ నుంచి ఒకతను ఫోను చేసి, వారానికోసారి పడవ లాగాలి, మిగతా రోజులు ఆఫీసుకి వెళ్ళాలి, 2.7 లీటర్ల టర్బో తీసుకోనా, 5 లీటర్ల వీ8 తీసుకోనా అన్నాడు. రెండింటి టార్క్ ఇంచుమించు సమానమే, 400, 410 పౌండు అడుగులు. చిన్న టర్బోది మాత్రం చాలా తక్కువ ఆర్‌పీఎంలో అందుతుంది. రోజూ ఆఫీసుకేగా, చిన్నది చాలు అన్నాను. మనకి ఆ సౌకర్యం లేదు. ఇంజను నచ్చాలంటే దాని చుట్టూ ఉన్న బండి కూడా నచ్చాలి.

ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు చూసినవాళ్ళకి తెలుసు, పందెం గిత్తని ఎవరూ రోజూ బండికి కట్టరు. దాని మేత వేరు, దాన్ని చూసుకునే మనిషి వేరు. ఇంజను కొనేటప్పుడు మాత్రం ఏడాదికి రెండుసార్లు లాగే బరువుని తలుచుకుని పందెం గిత్తనే తోలుకొస్తాం, మిగతా రోజులంతా దానికి దాణా పెడతాం.

రోజూ తిరిగే తిరుగుడుకి ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు అమలయ్యాక చాలా డీజిలు బళ్ళకి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. దానికి ఓ పావుగంటైనా బండి ఒకే జోరున పోవాలి. ఊళ్ళోంచి చెరువుకి, చెరువు నుంచి ఊళ్ళోకి, మధ్యలో టీ కొట్టు దగ్గర ఇంజను ఆపకుండా కబుర్లు. ఇట్లా తిరిగితే ఫిల్టరు పూడుకుపోయి లైటు వెలుగుతుంది. ఇంజను పోయిందని బెంబేలెత్తేవాళ్ళని చూశాను. నేనిచ్చే మందు ఒకటే, వారానికోసారి 216 జాతీయ రహదారి ఎక్కి ఒంగోలు దిక్కుగా కాసేపు తోలి రమ్మని. అసలు తిరుగుడంతా పొట్టిదే అయితే డీజిలు జోలికే పోకూడదు. పెద్ద ఇంజనూ అక్కర్లేదు. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో ఉన్నది రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్ పవర్. దానితోనే ఎన్ని సంసారాలు నిలబడ్డాయో. 2022లో దాన్నే కరెంటుతో తెచ్చినప్పుడు టార్క్ 130 న్యూటన్ మీటర్లు, అదీ చక్రం కదలకముందు నుంచే. గట్టు ఎక్కడానికి అంతకంటే ఏం కావాలి? గట్టు దగ్గర ఛార్జింగు కావాలి, అంతే.

మొన్న వేసవిలో నన్ను పట్టుకుపోయిన కుర్రాడిది స్టూవర్టుపురం. నా దగ్గర చదివినవాడే. వాడి పని రోజూ బాపట్ల నుంచి చెరువులకి మేత తోలడం, పట్టుబడి రోజుల్లో నిజాంపట్నం వైపు ఐసు పెట్టెలు, ఏడాదికి రెండుసార్లు జనరేటరు ట్రైలరు లాగడం, ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి తీసుకెళ్ళడం. అన్నింటికీ ఒకటే బండి కావాలి, అది వీ-క్రాస్ అయితే తెల్ల బోర్డు మీద దర్జాగా తిరగొచ్చని వాడి ఆశ. ఫైనాన్సు వాళ్ళు ఊరి పేరు వినగానే ముందు కట్టాల్సిన సొమ్ము పెంచారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి 1910లలో సాల్వేషన్ ఆర్మీకి అప్పగించిన సెటిల్‌మెంటు ఆ ఊరు. నేరస్థ తెగల చట్టం కింద నమోదైన ఎరుకల వాళ్ళు అప్పట్లో ఊరు దాటాలంటే పాసు చూపించాల్సి వచ్చేది. ఆ చట్టాన్ని 1952లోనే తీసేశారు. అప్పుల వాళ్ళ రిజిస్టర్లలోంచి ఇంకా తీసినట్టు లేదు. ఏమైతేనేం, ఇంజను ఎంపికలో మొదటి మాట ఆ డౌన్ పేమెంటుదే అయింది.

‘ట్రైలరు పని వదిలేయరా’ అన్నాను. ఏడాదికి రెండుసార్లే కదా, ట్రాక్టరు కిరాయికి తెచ్చుకో. పైగా ఆ ట్రైలరుకి రిజిస్ట్రేషన్ లేదు, బ్రేకులు అంతకంటే లేవు. ‘మరి లైసెన్సు మార్చుకోవాలా మాస్టారూ?’ అన్నాడు. అక్కర్లేదు, 7500 కిలోల లోపు సరుకు బండికి కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి 2.5 లీటర్ల బొలెరో పికప్పు దగ్గరికి వచ్చాం, టార్క్ సుమారు 200, పసుపు బోర్డు. చర్చికి కేబినులో వీడూ, భార్యా, చంటిదీ. వాళ్ళమ్మ ఆటోలో వస్తుంది.

టెస్టు డ్రైవుకి ఖాళీ బండి ఇచ్చారు. ఖాళీగా పరుగెత్తని బండి నేనింతవరకూ చూడలేదు. బరువు వేసి తోలతామంటే ఒప్పుకోలేదు. అందుకని అదే మోడలు బండి ఉన్న వాడి స్నేహితుణ్ణి బతిమాలి, అరవై బస్తాలతో గట్టు మొదట్లో ఆపించి, మళ్ళీ ఎత్తించాను. కొంచెం మూలిగింది, ఎక్కింది. క్లచ్ వాసన రాలేదు. మర్నాడు బుక్ చేశాడు.

వానలు పడ్డాక ఫోను చేశాడు. గట్టు ఎక్కలేదా అన్నాను. ‘ఎక్కుతోంది మాస్టారూ, దిగేటప్పుడే భయంగా ఉంది, బ్రేకు తొక్కితే జారుతోంది’ అన్నాడు. పైనే ఫస్టు గేరులో వేసి, క్లచ్ మీద కాలు పెట్టకుండా, ఇంజను పట్టు మీదే దింపమన్నాను. పెట్రోలు ఇంజనంత కాకపోయినా రెండున్నర లీటర్ల డీజిలు ఫస్టు గేరులో బాగానే పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో దింపితే డీజిలు కలిసొస్తుందని ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాణ్ణి నా దగ్గరికి పంపమన్నాను.