రాసే ఇంటి పద్దు

నేను కథలు రాస్తాను. నేనే అచ్చు వేయించుకుంటాను, నేనే అమ్ముకుంటాను. ఉండేది సూర్యాపేట జిల్లా మోతెలో. ఇలా అయితే ఇల్లు ఎలా గడుస్తుందని అడిగేవాళ్లు చాలామంది. పద్దు రాసుకుంటాను కాబట్టి గడుస్తుంది. పాలు, కూరగాయలు, ఫోన్ రీఛార్జి, ఆటో కిరాయి, అన్నీ రాత్రి పడుకోబోయే ముందు నోటుబుక్కులో ఎక్కిస్తాను. నెల గడవడానికి కనీసం ఎంత కావాలో ఆ నోటుబుక్కు చెబుతుంది. అది తెలిసిన రచయిత నచ్చని పనిని కాదనగలదు. ఎవరిదో షష్టిపూర్తి సంచికకు పొగడ్తల వ్యాసం రాసిపెట్టమని కబురొస్తే ఆ నెల లెక్క చూసుకుంటాను. అవసరం లేదనుకుంటే మర్యాదగా వద్దని చెప్పి, సగంలో ఉన్న కథ ముందు కూర్చుంటాను.

నెల ఖర్చు తక్కువలో ఉండటానికి ఊరు ఒక కారణం. హైదరాబాద్‌లో అద్దె కట్టాల్సి వస్తే ఈ రాత ఇలా సాగేది కాదు. సర్కారు ఇచ్చేది కూడా పద్దులో రాస్తాను. 2025 ఉగాదినాడు మా జిల్లా హుజూర్‌నగర్‌లోనే మొదలైన సన్నబియ్యం రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు వస్తాయి. కరెంటు 200 యూనిట్లు దాటకపోతే బిల్లు లేదు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. మోతె సూర్యాపేట–ఖమ్మం రోడ్డు మీదే ఉంది. పొద్దున వంట ముగించి బస్సెక్కితే సూర్యాపేట గ్రంథాలయంలో మధ్యాహ్నం దాకా చదువుకుని రావచ్చు. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద కడుతున్నారు. కట్టినవాళ్లు వెళ్లి వాడుకోవాలి. ఇవన్నీ అందరి సొమ్ములోంచి వచ్చినవే కాబట్టి, వీటి వల్ల మిగిలిన పొద్దును వృథా చేయడానికి నాకు మనసొప్పదు.

ఇక అసలు ఖర్చు అచ్చు దగ్గర. డెమ్మీ సైజు పుస్తకంలో ఒక ఫారం అంటే 16 పేజీలు. ఎనిమిది ఫారాలు వేస్తే 128 పేజీలు. రాత 131 పేజీలకు వచ్చిందనుకోండి, ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారమో సగం ఫారమో ఎక్కాలి. కాగితం, ప్లేటు, మడత, అన్నీ పెరుగుతాయి. మూడు పేజీలు తగ్గిస్తే ఆ డబ్బు మిగులుతుంది. ఎలా తగ్గించాలి? అక్షరాల సైజు చిన్నది చేస్తే కళ్లజోడు పెట్టుకునే పాఠకులకు కష్టం. అందుకని కథల్లోనే వెతుకుతాను. రెండుసార్లు చెప్పిన మాట, పాత్ర నోట వచ్చేశాక మళ్లీ నేను వివరించిన వాక్యం, ఇష్టపడి రాసినా కథకు అక్కర్లేని వాన వర్ణన ఒక్కొక్కటీ దొరుకుతాయి. ఏ ఎడిటరూ లేని నాలాంటి వాళ్లకు ఫారం లెక్కే ఎడిటర్. అలా తీసేశాక ఏ కథా చెడిపోలేదు, చాలా కథలు బాగుపడ్డాయి. అచ్చాఫీసుకు పోయే ముందు పుస్తకం పేజీలను పదహారుతో భాగించి చూసుకోమని కొత్తగా రాసేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇందుకే.

టైపింగ్ కూడా మనమే చేసుకోవచ్చు. యూనికోడ్‌లో కొడితే ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా పనికొస్తుంది. మండలి, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఒకవైపు అచ్చయిన పాత ప్రూఫు కాగితాల వెనక మొదటి ప్రతులు రాసుకుంటాను.

ఎన్ని కాపీలు వేయాలన్నది మాత్రం ఆశను బట్టి కాక, ముందు చేతికొచ్చిన డబ్బును బట్టి తేల్చుకోవాలి. ఇందులో మాకు దారి చూపినవాళ్లు పక్క మండలం మునగాలలోనే ఉండేవాళ్లు. మునగాల అప్పట్లో నాలుగువైపులా నైజాం రాజ్యం ఉన్న కృష్ణా జిల్లా ముక్క. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. మునగాల సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాద్‌లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలైన ఆ పుస్తకాల వరుస చందాదారుల అండతో సాగింది. అంతకుముందే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పాటుకు మునగాల రాజా నాయని వెంకటరంగారావు అండగా నిలిచారు. రాజా అండ ఉన్న కొమర్రాజు కూడా పుస్తకం నడవాలంటే చందాదారుల దగ్గరికే వెళ్లారు. ఇది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. నేనూ పుస్తకం వస్తోందని ముందుగా చెప్పి, డబ్బు పంపినవాళ్ల పేర్లు రాసుకుని, ఆ సంఖ్యకు కొద్దిగా మాత్రమే కలిపి వేయిస్తాను. మంచం కింద కట్టలు పేరుకోవు.

ఒద్దిరాజు సోదరులను కూడా తలచుకోవాలి. సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ఇనుగుర్తి అనే పల్లెటూళ్లో సొంతంగా అచ్చుయంత్రం పెట్టుకుని 1922లో 'తెనుగు' పత్రిక తెచ్చారు. రాయడం, అక్షరాలు కూర్చడం, అచ్చు వేయడం, పంపడం ఆ ఇంట్లోనే జరిగాయి. రోడ్డు, కరెంటు, ఫోన్ ఉన్న మోతెలో కూర్చుని నాకు వసతి లేదనడం వాళ్ల ముందు చెల్లదు.

పుస్తకాలు పంపడానికి తపాలా శాఖ 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. 128 పేజీల పుస్తకం 300 గ్రాముల లోపే తూగుతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. నేలమార్గంలో పోతుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. నాలుగు రోజులు ఆగలేని పాఠకులు అరుదు.

పొదుపు చేయకూడని చోట్లూ ఉన్నాయి. ప్రూఫులు దిద్దే మనిషికి, అట్ట మీద బొమ్మ వేసిన కుర్రాడికి, డీటీపీ చేసిన అమ్మాయికి అడిగినంత ఇచ్చేస్తాను. పేరు వేస్తాం కదా అని బొమ్మ ఊరికే గీయించుకునే రచయితలున్నారు. దాన్ని పొదుపు అనడానికి నేను ఒప్పుకోను. నా టీ నేను మానుకోవచ్చు, నా చీర ఇంకో ఏడాది కట్టుకోవచ్చు, ఇంకొకరి కూలి మానిపించే హక్కు నాకు లేదు. ఇంకొకరి సొమ్ము మాటకొస్తే, కొమర్రాజు అక్క బండారు అచ్చమాంబ 1902లో 'ధనత్రయోదశి' అనే కథ రాశారు. పండగ పూట చేతిలో చిల్లిగవ్వ లేని ఇల్లు. భర్త యజమాని సొమ్ము తెస్తే భార్య అది ముట్టుకోదు, తిరిగి ఇచ్చేదాకా ఊరుకోదు. పెనుగంచిప్రోలులో పుట్టి, బడికి పోకుండా తమ్ముడి చదువు పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్న మనిషి ఆమె. లేమిలో ఉన్న ఇల్లాలికి అంత నిక్కచ్చి లెక్క తెలుసని ఆమె నమ్మారు. నేనూ నమ్ముతాను.

ఇప్పుడు పాఠకుల వైపు నుంచి ఒక లెక్క. పుస్తకం వెల 150 రూపాయలు, అచ్చుకు 70 పడిందనుకుందాం. షాపుకు నూటికి 40 చొప్పున 60 పోతే రచయితకు వచ్చేది 90, మిగిలేది 20. "అక్కా, ఒక బుక్కు ఇయ్యరాదూ, చదివి చెప్తా" అని ప్రేమగా అడిగినవాళ్లకు ఒకటి ఊరికే ఇస్తే, ఆ 70 తిరిగి రావాలంటే షాపులో ఇంకో నాలుగు అమ్ముడుపోవాలి. అదే మీరు నేరుగా నా దగ్గర కొంటే నాకు మిగిలేది 80. నాలుగు షాపు పుస్తకాలకు అది సమానం.

సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో సొంతంగా పుస్తకాలు వేసుకుంటున్న వాళ్లు చాలామంది ఉన్నారు. ఆవిష్కరణ సభకు పిలుస్తారు, చేతిలో పుస్తకం పెట్టబోతారు. శాలువా వద్దు, దండ వద్దు. వెల ఎంతో చూసి, ఆ డబ్బు అక్కడికక్కడే ఇచ్చి పుస్తకం తీసుకోండి.